మూడు కాళ్ల అడుగులు

సాయంత్రం బడిపిల్లల ఆటో ఊళ్లోకి వచ్చే వేళకు ఎలీషబా చాటలో గుప్పెడు నూకలు వేసుకుని దొడ్లోకి వస్తుంది. బో... బో... బో... అని పిలుస్తుంది. కందిచేల గట్ల మీదికి పోయినవీ, పక్కింటి సరోజమ్మ పేడదిబ్బ కెలుకుతున్నవీ అన్నీ రెక్కలు విప్పుకుని పరిగెత్తుకొస్తాయి. పెట్టల్ని పెద్ద గంప కింద, పిల్లలకోడిని చిన్న గంప కింద కప్పి, గంపల మీద పలకరాళ్లు పెడుతుంది. ఆమె మొగుడు కరుణాకరం మార్కాపురం పలకల గనుల్లో పని చేసినన్నాళ్లు చేసినందుకు ఇంట్లో మిగిలినవి ఆ రాళ్లే. ముంగిస తోసినా, నక్క తోసినా కదలవు.

అర్ధవీడు దాటి కొండ కిందికి పోతే వచ్చే పల్లె అది. పగలు గద్ద, పొద్దుగూకే వేళకు ముంగిస, ఆ తర్వాత అడవిపిల్లి. ఎవరి వంతు ఎప్పుడో కోళ్లకు కూడా తెలుసు. గద్ద ఎత్తుకుపోకుండా పిల్లలకు గులాబీరంగు పూస్తారు. అయినా ఎత్తుకుపోతూనే ఉంటుంది.

ఎలీషబా ఇంట్లో ఒక్క పుంజుకు మాత్రం గంప లేదు. అది దేవుని పుంజు. పోయినేడు కూతురు సుప్రియకు డెంగీ జ్వరమొచ్చి మనిషి దక్కదనుకున్నప్పుడు, బిడ్డ లేచి తిరిగితే కోతపండుగకు చర్చిలో పుంజును కానుకిస్తానని ఆమె మాట ఇచ్చింది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లను ఏరి, కాలికి ఎర్రగుడ్డ పేలిక కట్టింది. అది పెరిగి పెద్దదై, విరిగిన బండి నొగ మీద ఎక్కి పడుకునేది. గంప కింద పెట్టమని సుప్రియ చెప్పింది, కరుణాకరం చెప్పాడు, ఆఖరికి చర్చి పాస్టరు జాన్సనయ్యగారు కూడా నవ్వుతూ, కప్పితే తప్పేం లేదమ్మా అన్నాడు. ఎలీషబా ఒప్పుకోలేదు.

"దేవునికి ఇచ్చినదాన్ని దేవుడు కాసుకోడా. గంప కప్పితే మాట ఇచ్చి అనుమానపడినట్లు."

సుప్రియకు ఇరవై ఒకటి. కంభంలో డిగ్రీ ఒక ఏడాది చదివి మానేసి ఇంటికొచ్చింది. ఎందుకు మానేసిందో అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది. ఏ పనీ కుదురుగా చేసేది కాదు. మిరపకాయల కోతకు పోయి సగం సాలులో నిలబడి కొండ వైపు చూసేది. ఎక్కడికైనా పోతా అనేది, ఎక్కడికో చెప్పేది కాదు. కంభం నుంచి ఆమె తెచ్చుకున్నది ఒక్కటే, బస్టాండులో వానకు తడుస్తున్న కుక్కపిల్ల. చున్నీలో చుట్టుకుని తెచ్చి బుడ్డోడు అని పేరు పెట్టింది. అది పెరిగి దూడంత అయినా ఆ పేరే ఉండిపోయింది. దొడ్లో ఆమె మంచం, మంచం కింద అది.

కోతపండుగ ఇంకా నెల ఉందనగా, ఒక తెల్లవారుజామున సుప్రియ లేచేసరికి మంచం కింద బుడ్డోడు లేడు. గడ్డివామి వెనక ఏదో పటపటమంది. పోయి చూసింది. బుడ్డోడు తోక ఊపాడు. దాని నోట్లోంచి ఎర్రగుడ్డ పేలిక వేలాడుతోంది. చుట్టూ ఈకలు.

కోడి రుచి చూసిన కుక్కను ఆ ఊళ్లో ఎవరూ ఉంచుకోరు. దాన్ని గోనెసంచిలో వేసి మూతి కట్టి, కొండ మీదికి తీసుకుపోతారు. సంచి ఖాళీగా తిరిగొస్తుంది. అక్కడ ఏం జరిగిందని పిల్లలు కూడా అడగరు. పోయినేడు ఇద్దరి కుక్కలు అట్లనే పోయాయి. రెండుసార్లూ సంచి మోసింది కరుణాకరమే, చెయ్యి నిదానంగల మనిషని.

సుప్రియ ఈకలన్నీ ఏరి, మిగిలినదాన్ని గుంట తీసి పూడ్చింది. కుక్క మూతి నీళ్లతో కడిగింది. పేలికను మట్టిలో తొక్కింది. ఎలీషబా లేచొచ్చి ఖాళీ నొగ వైపు చూస్తూ నిలబడితే, దగ్గరికి పోయి చెప్పింది.

"అడవిపిల్లి మా. నేను చూసినా. గోడ దూకి పోయినాది."

అడవిపిల్లి అయ్యుంటుంది అని ఊరుకుంటే అది ఒక అనుమానంగా పోయేది. చూసినా అన్నది. ఆ మాట అనమని ఎవరూ అడగలేదు. అంత గట్టిగా చెప్పకపోతే అమ్మ నమ్మదేమోనని భయపడి, చూడనిదానికి సాక్షి అయింది.

ఎలీషబా ఏడవలేదు. ఆ పూటంతా నొగ పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం లేచి, మేకలు కాసే ఓబులేసు ఇంటికి పోయింది. ఓబులేసు మోటారుసైకిలు క్లచ్ వైరుతో ఉచ్చు చేసి గోడ గండిలో పెట్టాడు. మూడోనాడు పొద్దున పిల్లి పడింది. బూడిదరంగు, చెవుల కొసన నల్లవెంట్రుకలు, ఇంటిపిల్లి కంటే కొంచెం పొడుగు కాళ్లు. కుడి ముందరి కాలు వైరులో ఇరుక్కుని, లాక్కుని లాక్కుని దాదాపు తెగింది. అది అరవడం లేదు. ఓబులేసు కర్రతో ఒక్కటే దెబ్బ వేశాడు.

తర్వాత ఏమనిపించిందో కత్తి తీసి పొట్ట కోశాడు. రెండు ఎలుకలు, ఒక తొండ, కొన్ని మిడతలు. గడ్డి మీద వాటిని పరిచి, పుల్లతో అటూ ఇటూ కదిపాడు.

"ఈక ఒక్కటి కూడా లేదే అక్కా."

"మూడు దినాలాయె. అరిగిపోయింటాది" అంది ఎలీషబా.

సుప్రియ అక్కడే నిలబడి చూసింది. ఓబులేసు పిల్లిని కంచె అవతల పూడ్చాడు. కాలు వైరులోనే ఉండిపోయింది. వైరుతో సహా దాన్ని ముళ్లల్లోకి విసిరేశాడు.

మర్నాడు పొద్దున పిల్లి అడుగులు కనబడ్డాయి. మెత్తటి ఎర్రమట్టిలో, గంపల చుట్టూ. రెండు వెనక కాళ్లవి, ఒకటి ముందరి ఎడమకాలిది. నాలుగోది ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు తిరిగి, గోడ గండిలోంచి బయటికి పోయాయి. చిన్న గంప మీద రాయి పెట్టడం ఆ ముందురోజు ఎలీషబా మరిచిపోయింది. గంప ఒక పక్కకు ఒరిగి ఉంది. పిల్లలకోడి, దాని పిల్లలు అన్నీ లోపల ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

సరోజమ్మ గోడ మీదినుంచి తొంగి చూసి, "మీ పిల్లి వచ్చి పోయినట్టుందే వదినా" అంది, చుట్టాలెవరో వచ్చిపోయినట్టు.

"వచ్చినాది. దేన్నీ ముట్టలా."

అంతే. ఎవరూ దాని గురించి ఇంకేమీ అనుకోలేదు. కోళ్లను వదలగానే అవి మట్టి గీరి అడుగులన్నీ చెరిపేసేవి. తెల్లారేసరికి మళ్లీ పడేవి. ఆ నెలలో ఊళ్లో ముంగిస రెండిళ్లల్లో దూరింది, నక్క ఓబులేసు కోళ్లగూడు తలుపు పెరికింది. ఎలీషబా దొడ్లోంచి ఒక్క పిల్ల కూడా పోలేదు. ముందు సరోజమ్మ తన గుడ్లు పెట్టే కోడిని సాయంత్రం తెచ్చి వదిలింది. తర్వాత ఓబులేసు. తర్వాత పైవీధి వాళ్లు. ఎవరి కోళ్లు వాళ్లకు తెలియాలని కాళ్లకు రంగురంగుల పేలికలు కట్టారు. సగం ఊరి కోళ్లు ఎలీషబా దొడ్లోనే పడుకునేవి. పలకరాళ్ల అవసరమే లేకపోయింది.

"హాస్టలు పెట్టినావంట కదా వదినా. మా దానికి మంచి రూము చూడు, దానికి గాలి తగలాలి" అని సరోజమ్మ రోజూ ఎగతాళి చేసేది. ఎలీషబా నవ్వేది. ఆ పుంజు పోయాక ఆమె మళ్లీ నవ్వడం అప్పుడే మొదలుపెట్టింది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ ఎలీషబా లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుని, దేవుని సొత్తును ఎత్తుకుపోయిన శత్రువునే దేవుడు మా ఇంటికి కావలి పెట్టినాడని చెప్పింది. నేను గంప కప్పలేదని నవ్వినారు, ఇప్పుడు చూడండి అంది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తర్వాతి ఆదివారం కూడా అదే చెప్పమన్నారు. పక్క ఊరి నుంచి వచ్చిన వాళ్లు వినాలని. చాప మీద కూర్చున్న సుప్రియ గోళ్లతో చాప పుల్లలు పీకుతూ ఉండిపోయింది.

పిల్లి ఎందుకొస్తోందో ఆమెకు ఒక్కదానికే తెలుసు. అది కావలి కాయడానికి రావడం లేదు. నోరు లేనిది తన మాట చెప్పుకోడానికి వస్తోంది. గంపలు ఒరిగి ఉన్నా, మూతల్లేకున్నా, పక్కనే తిరిగి, దేన్నీ ముట్టకుండా పోతోంది. నేను తినలేదు, చూసుకోండి. రోజూ అదే మాట, అన్ని కోళ్ల ముందు.

గంపల చుట్టూ తిరగడం అయిపోయాక అది సుప్రియ మంచం దగ్గరికి వచ్చేది. మొదట్లో అడుగులు బారెడు దూరంలో ఆగేవి. తర్వాత మూరెడు. తర్వాత మంచంకోడు పక్కనే. ఓబులేసు ఒక పొద్దున వంగి చూశాడు.

"ఇక్కడ శానాసేపు నిలబడింది. మిగతావాటి కంటే లోతుగా దిగబడినాయి."

"మా పాపంటే దానికి ఇష్టం" అంది ఎలీషబా.

మంచం కింద బుడ్డోణ్ని సుప్రియ తన చున్నీతో కోడుకు కట్టేసేది. పొద్దుగూకగానే కట్టి, అందరూ లేవకముందే విప్పేది. దొడ్డి నిండా ఊరి కోళ్లు. ఒక్కపూట మరిచిపోతే చాలు. అర్ధవీడుకు తీసుకుపోయి బస్సుల దగ్గర వదిలి, ఆటో ఎక్కి కూర్చుంది ఒకసారి. అది ఆటో వెంట పరిగెత్తుకుంటూ ఊరి దాకా వచ్చింది. దిగి దాని మెడ పట్టుకుని ఏడ్చింది. వచ్చినందుకు సంతోషమో, వచ్చినందుకు బాధో ఆమెకే తెలీదు.

అప్పుడు గుంటూరు నుంచి ఫోనొచ్చింది. ఎప్పుడో అప్లికేషను పెట్టి మరిచిపోయిన నర్సింగు సీటు. సోమవారం మధ్యాహ్నంలోపు వచ్చి చేరాలి, లేకుంటే వెనకున్న వాళ్లకు ఇచ్చేస్తారు. కరుణాకరం ఆ మాట నలుగురికి చెప్పొచ్చాడు. ఎలీషబా రేకుపెట్టె దించి తుడిచింది. ఇన్నాళ్లూ ఎక్కడికో పోవాలని తపించినదానికి పోయే చోటు దొరికింది. సుప్రియ పోనంది.

"రెండేండ్లనించి పోతా పోతా అని మా ప్రాణం తీసినావు. ఇప్పుడేమొచ్చె" అన్నాడు కరుణాకరం.

"నాకు నర్సు పని వద్దు నాయనా."

"ఏం పని కావాల. కోళ్లు కాసే పనా."

సుప్రియ బుడ్డోడి వైపు చూసింది. తను పోయిన రోజు సాయంత్రం బుడ్డోణ్ని కట్టేవాళ్లుండరు. కట్టమని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. చెప్తే సంచి. చెప్పకపోతే నాలుగు రోజులు ఆలస్యంగా అదే సంచి. అమ్మ రెండు ఆదివారాలు అందరి ముందు నిలబడి చెప్పిన మాట మట్టిలో కలుస్తుంది. తను ఇక్కడే ఉండాలి. ఈ కుక్క బతికినన్నాళ్లు, ప్రతి పొద్దుగూకుడూ, చున్నీ ముడి వేస్తూ.

శనివారం తెల్లారగట్ల గుండె మీద బరువనిపించి మెలకువ వచ్చింది. కోడిపెట్ట కంటే తక్కువ బరువు. కళ్లు తెరవలేదు. కింద బుడ్డోడు సన్నగా మూలిగాడు. బరువు దిగిపోయాక లేచి చూసుకుంది. దుప్పటి మీద, సరిగ్గా రొమ్ముల దగ్గర, మూడు ఎర్రమట్టి అడుగులు.

ఎలీషబా దుప్పటి దులుపుతూ, "నిన్ననే ఉతికినా. మంచం మీదికి ఎక్కేదానికి కాళ్లు కడుక్కుంటే ఏం పోయె దీనికి" అని గొణుక్కుంది.

మర్నాడే కోతపండుగ. చర్చి లోపల గుమ్మడికాయలు, కంది మూటలు, జొన్న కంకులు, గుడ్లబుట్టలు. దేవుని పుంజుకు బదులు ఎలీషబా మంచి పెట్టను తెచ్చి కాళ్లు కట్టి ముందు పెట్టింది. సాక్ష్యాలు అనగానే అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కొంగు సర్దుకుంటోంది. అంతలోకే సుప్రియ లేచింది. అంతవరకు ఎన్నడూ లేవని పిల్ల లేచేసరికి జాన్సనయ్యగారు సంతోషంగా మైకు అందించాడు.

"మా యమ్మ చెప్పిన సాక్ష్యంలో ఒక అబద్ధముంది. అది మా యమ్మది కాదు, నాది. దేవుని పుంజును పిల్లి తినలేదు. మా బుడ్డోడు తిన్యాడు. నేను పిల్లిని చూసినా అన్న్యా. చూడలేదు. దాన్ని ఊరికే సంపినాం."

కాళ్లు కట్టిన పెట్ట ఒకసారి రెక్కలు కొట్టుకుంది. జాన్సనయ్యగారు మైకు తీసుకుని, కూర్చోమ్మా అన్నాడు, కోపంగా కాదు. ఎలీషబా వెనక్కి తిరగలేదు. ఇంకెవరూ సాక్ష్యం చెప్పడానికి లేవలేదు.

ఇంటికి వచ్చేసరికి వాళ్ల వెనకాలే సగం ఊరొచ్చింది. తమ కోళ్లున్నాయి కదా ఆ దొడ్లో. కరుణాకరం మంచి చొక్కా విప్పి, పాతది వేసుకుని, అటక మీది గోనెసంచి దించాడు. బుడ్డోడు ఎండలో పడుకుని ఉన్నాడు. చుట్టూ కోళ్లు మట్టి గీరుతున్నాయి.

"నాయనా, నేను తీసుకుపోతా దాన్ని" అంది సుప్రియ.

"యాడికి?"

కరుణాకరం సంచి మూతి విప్పి ముందుకు నడిచాడు. నాలుగు అడుగుల దూరంలో ఆగిపోయాడు.

బుడ్డోడి ముందు మట్టిలో ఒక అడుగు పడింది. దాని పక్కన ఇంకొకటి. వెనక మూడోది. పట్టపగలు అది రావడం అదే మొదలు. దుమ్ము చిన్నగా లేచి సర్దుకుంటోంది, అడుగు తర్వాత అడుగు కనబడుతోంది. అడుగులు వేసేది మాత్రం కనబడడం లేదు. కుక్క చుట్టూ ఒక చుట్టు తిరిగాయి. కోళ్లు పక్కకు తొలిగి దారిచ్చాయి. అడుగులు కుక్క ముందరి కాళ్ల దగ్గరికి వచ్చి, కుడికాలి ముందు ఆగాయి. బుడ్డోడు ముక్కు కిందికి దించి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

తర్వాత లేచి నిలబడ్డాడు. కుడి ముందరి కాలు పైకి మడిచాడు. దానికి గాయం లేదు, ముల్లు లేదు. మళ్లీ కింద పెట్టలేదు. మూడు కాళ్ల మీద కుంటుకుంటూ పోయి, పెద్ద గంప చుట్టూ తిరిగాడు. చిన్న గంప చుట్టూ తిరిగాడు. గులాబీరంగు పిల్ల ఒకటి దాని కాళ్ల మధ్యనుంచి దూరి పోతే, అది పోయేదాకా ఆగి, మళ్లీ నడిచాడు. రెండో చుట్టు పూర్తయ్యాక గోడ గండి దగ్గర కూర్చున్నాడు, మొహం కొండ వైపు పెట్టి.

పిల్లి అడుగులు గండి దాకా పోయి, దాన్ని దాటి, బయట రాళ్ల మీద కనబడకుండా పోయాయి.

ఓబులేసు వంగి ఆ అడుగులు చూశాడు. "సంచి పెట్టేయన్నా. పిల్లి దానికి పని అప్పజెప్పి పోయినాది."

కరుణాకరం సంచి నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. పైవీధి వాళ్లు కొందరు తమ కోళ్లను పట్టుకుని పోయారు. ఓబులేసు తన కోళ్లను వదిలే పోయాడు. సరోజమ్మ కాసేపు ఆలోచించి, మా దాన్ని ఈ రేయికి ఉండనిస్తా, అంది.

ఆ రేయి సుప్రియ చున్నీ ముడి వేయలేదు. మంచం కింద ఎవరూ లేరు. దొడ్లో కుంటి నడక చప్పుడు వింటూ వింటూ, నెల రోజుల్లో మొదటిసారి ఒళ్లు మరిచి నిద్రపోయింది. తెల్లారేసరికి గంపల చుట్టూ అడుగులున్నాయి. మూడు కాళ్లవే. పిల్లివాటి కంటే పెద్దవి. కోళ్లన్నీ ఉన్నాయి.

ఎలీషబా ముందురోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. రేకుపెట్టెలో బట్టలు సర్దింది ఆమే. ఊరగాయ సీసా మూతకు గుడ్డ చుట్టింది ఆమే. పెట్టె తెచ్చి గడప దగ్గర పెట్టి, లోపలికి పోయింది. సుప్రియ వంటింటి తలుపు దగ్గర నిలబడి, పోయొస్తా మా, అంది. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. గోడ గండి దగ్గర బుడ్డోడు తల తిప్పి చూశాడు గాని ఆటో వెంట రాలేదు.

కంభంలో రైలెక్కి, మధ్యాహ్నానికి గుంటూరు చేరి, కాయితాల మీద సంతకాలు పెట్టి, హాస్టలు మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది. కరుణాకరం ఎత్తాడు.

"చేరినావా?"

"చేరినా నాయనా. సీటు ఇచ్చినారు. అమ్మ ఏం చేస్తాంది?"

కరుణాకరం ఫోను పట్టుకుని వాకిలి దాకా నడిచిన చప్పుడైంది.

"వాకిట్లో నిలబడుకోనుండాది. పొద్దున్నించి ఎవర్నీ చీపురు ముట్టనీలేదు. ఇల్లంతా చెత్త. పోయిన మనిషి చేరిందాకా వాకిలి ఊడ్చకూడదంట."

మనిషి బయల్దేరగానే వెనకాల ఊడిస్తే ఆ మనిషి మళ్లీ గడప తొక్కదని సరోజమ్మ లాంటి వాళ్లు అంటారు. ప్రభువును నమ్ముకున్న ఇండ్లల్లో అట్లాంటి పట్టింపులేందని వాళ్లను మందలించేది ఎలీషబానే.

"చేరినా అని చెప్పు నాయనా" అంది సుప్రియ.

కరుణాకరం ఫోను చేతిలో పట్టుకునే అటు తిరిగి చెప్పాడు. కొంతసేపటికి చీపురు చప్పుడు మొదలైంది. మెల్లగా, గడప దగ్గర్నుంచి దొడ్డి వైపు. ఒకచోట ఆగింది. అక్కడ అడుగులుండుంటాయి అనుకుంది సుప్రియ. చీపురు వాటిని తప్పించుకుని, పక్కనుంచి చుట్టు తిరిగి, మళ్లీ సాగింది. ఫోను చెవి నుంచి తియ్యకుండా ఆమె ఆ చప్పుడు చివరిదాకా విన్నది.